పిండినల్లి మీద వేపనూనె: మూడేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

కిటికీ పక్కన పెంచుకుంటున్న క్రోటన్ మొక్కకు పిండినల్లి (ఒంటి నిండా తెల్లటి మైనంతో, మొక్క రసం పీల్చే చిన్న పురుగు) పట్టినప్పుడు మొదటిసారి వేపనూనె సీసా కొన్నాను. ఈ మూడేళ్లలో నాలుగో సీసా కూడా అడుగుకు వచ్చింది. ఐదు మొక్కలను కాపాడుకున్నాను, రెండింటిని పోగొట్టుకున్నాను. పోయిన రెండింటిలో ఒకదానికి కారణం పురుగు కాదు, నేనే.

నేను వాడేది వేడి చేయకుండా గానుగలో తీసిన నూనె. మొదటి సీసా మాత్రం అది కాదు. దాని మీద వేపాకు బొమ్మ పెద్దదిగా ఉంది కానీ, పురుగు మీద పనిచేసే వేపలోని అసలు పదార్థమైన అజాడిరాక్టిన్ ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉందో ఎక్కడా రాయలేదు. బాగా శుద్ధి చేసిన రకాల్లో ఆ పదార్థం దాదాపుగా ఉండదని, అవి కేవలం నూనెగా పురుగుకు ఊపిరాడకుండా చేయడం వరకే పనికొస్తాయని నాకు తర్వాత తెలిసింది. గానుగ నూనెలో ఆ గుణంతో పాటు అజాడిరాక్టిన్ కూడా ఉంటుంది. అది పురుగుకు తిండి మీద విముఖత కలిగిస్తుంది, కుబుసం విడిచి ఎదగడానికి కావలసిన హార్మోను పనిని చెడగొడుతుంది. అందువల్ల ఫలితం కంటికి వెంటనే కనిపించదు. మొదటిసారి పిచికారీ చేసిన ఐదో రోజున కూడా తెల్లటి పురుగులు అలాగే కూర్చుని ఉండటం చూసి డబ్బు దండగ అనుకున్నాను.

అసలు చిక్కు పిండినల్లి ఒంటి మీది మైనపు పొరతో వస్తుంది. ఎదిగిన పురుగు మీద పడిన నీరు బొట్లుగా జారిపోతుంది. దూదిలాంటి సంచిలో అది పెట్టే గుడ్లు కొన్ని వందలు ఉంటాయి, వాటికీ మందు సరిగా తగలదు. గుడ్డు నుంచి అప్పుడే బయటికి వచ్చి, ఇంకా మైనం పట్టని పిల్లపురుగుల మీదే వేపనూనె చక్కగా పనిచేస్తుంది. అందుకే వారానికి ఒకసారి చొప్పున కనీసం ఐదారు వారాలు విడవకుండా కొట్టాలి. మూడో వారానికే మొక్క శుభ్రంగా ఉందని నేను ఆపేసిన ప్రతిసారీ, నెల తిరగకుండానే ఆకు తొడిమ కాండానికి అతికే సందులో మళ్లీ తెల్లటి నలక కనిపించింది.

పెద్ద పురుగులను చేత్తో తీయక తప్పదు. డెబ్బై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి పురుగుకు ఆనిస్తే, క్షణంలో తెల్లటి మైనం కరిగి లోపలి గులాబీ రంగు శరీరం బయటపడుతుంది. నా లెక్కలో సగానికి పైగా పని ఈ దూదిపుల్లదే, వేపనూనె చేసేది మిగిలిన పిల్లల వేట. ఈ మాట ఏ సీసా మీదా ఉండదు.

కలిపే పద్ధతిలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. నూనెను నేరుగా నీటిలో పోసి రెండు ఊపులు ఊపి కొట్టాను. పిచికారీ గొట్టం అడుగు నుంచి పీల్చుకుంటుంది కనుక ముందు వట్టి నీరు వచ్చి, పైన తేలిన నూనె అంతా చివరి నాలుగు ఆకుల మీద చిక్కగా పడింది. రెండు రోజుల్లో ఆ నాలుగూ మాడిపోయాయి. ఇప్పుడు ఐదు మిల్లీలీటర్ల నూనెలో ముందుగా ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి, లీటరు గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడే వరకు గిలకొడతాను. కలిపినది ఆ పూటే వాడేస్తాను, ఎందుకంటే నీటిలో అజాడిరాక్టిన్ నిలవ ఉండదు. ఎండ తగలని సాయంత్రం వేళ, ఆకుల అడుగు భాగం పూర్తిగా తడిసేలా కొడతాను.

లోపాలు తక్కువేమీ కావు. వెల్లుల్లి, గంధకం కలిసినట్టుండే ఆ వాసన గదిలో రెండు రోజులు ఉంటుంది. జిడ్డు ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది. చలికాలంలో సీసాలోనే నూనె గడ్డకడుతుంది, వేడినీటిలో కాసేపు ఉంచితే కరుగుతుంది. దళసరి ఆకుల మొక్కలకు దీన్ని ఒక ఆకు మీద పరీక్షించకుండా కొట్టకూడదు. నా జేడ్ మొక్క ఆకులు మచ్చలు పడి రాలిపోయింది ఆ తొందర వల్లే. పోయిన రెండో మొక్కకు వేర్లలో పిండినల్లి పట్టింది. ఆకుల మీద ఎంత కొట్టినా కుండీలో ఉన్నవాటికి ఏమీ కాలేదు, మొక్కను పెకలించి చూసేసరికి ఆలస్యమైంది.

పేనుబంక, ఎర్రనల్లి పట్టిన మొక్కలకైతే ఇది ఇంకా త్వరగా గుణం ఇచ్చింది, రెండు మూడు వారాల్లోనే తెరిపి వచ్చింది. ఐదో సీసా కూడా కొంటాను, కానీ ఈసారి చిన్నదే. పెద్ద సీసా ఏడాది దాటేసరికి నూనె పాతబడి, అదే మోతాదుతో మునుపటి పనితనం చూపలేదు.