మ్యూజిక్ ఫెస్టివలా, ఒక్క బ్యాండ్ షోనా?

మీ జంట ఇద్దరూ కలిసి వారాంతం గడపాలి, ఇష్టమైన బ్యాండ్‌ని కళ్లారా చూడాలి. దారులు రెండు: మూడు రోజుల ఫెస్టివల్, లేదా ఒక్క బ్యాండ్ షో చూసి ఆ ఊళ్లోనే రెండు రాత్రులు ఉండడం.

ఫెస్టివల్‌లో ఒకే టికెట్‌తో బోలెడన్ని బ్యాండ్లు వినొచ్చు. కానీ చాలా బ్యాండ్లకు గంటలోపే సమయం ఇస్తారు. మీ ఇద్దరి ఇష్టాలూ ఒకే వేళకి వేర్వేరు స్టేజీల మీద పడితే ఎవరో ఒకరు వదులుకోవాలి. రాత్రి అక్కడే టెంట్‌లో ఉంటే నిద్ర అంతంతమాత్రమే.

సొంత షోలో బ్యాండ్ గంటన్నర, రెండు గంటలు వాయిస్తుంది. హిట్లతో పాటు అరుదుగా వినిపించే పాటలూ వస్తాయి. మొదటి డ్రమ్ దెబ్బకే తను మీ చెయ్యి గట్టిగా పట్టుకుని, పాట అయ్యేదాకా వదలకపోతే ఆ ఆనందమే వేరు! మర్నాడు ఆలస్యంగా లేచి, ఏ పాట ఎలా ఉందో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఫెస్టివల్‌లో అప్పటికే ఇంకో స్టేజీకి పరుగు.

కొత్త బ్యాండ్లు వినాలన్న ఆకలి ఇద్దరికీ ఉంటే ఫెస్టివలే మేలు. జంటగా గడపడమే ముఖ్యమైతే నా ఓటు సొంత షోకే. షో టికెట్ ఖాయమయ్యాకే గది బుక్ చేయండి. ఎటు వెళ్లినా ఇయర్‌ప్లగ్స్ మరవద్దు. స్పీకర్ల దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాకా వెళ్లడం మామూలే, అక్కడ పావుగంట దాటితే చెవులకు ముప్పే.