కదిలే గొంతు నమూనా: బొమ్మకి నాలుగు చుక్కలు, అట్టకి ఒకటి

నర్సింగ్, స్పీచ్ థెరపీ చదివేవాళ్ల కోసం అమ్మే స్వరపేటిక నమూనా ఇది. అసలు సైజుకి రెండింతలు, ప్లాస్టిక్ పీఠం, ఊడదీయడానికి ఐదు భాగాలు, తెలుగులో అచ్చేసిన పేర్ల అట్ట. బొమ్మ బాగుంది. అట్టతోనే తంటా.

థైరాయిడ్ అనగానే గ్రంథీ, పొద్దున్నే వేసుకునే మాత్రా గుర్తొస్తాయి గానీ ఆ పేరు మొదట గొంతులోని మృదులాస్థిది. గ్రీకులో ‘థిరా’ అంటే తలుపు, ‘థిరియోస్’ అంటే తలుపులా నిలువుగా ఉండే డాలు. ఆ ముక్క ఊడదీసి ఎదురుగా పట్టుకుంటే ఇక విడమరిచి చెప్పే పని లేదు. రెండు పలకలు ముందువైపు కలుస్తాయి, కలిసిన చోట పైన చిన్న నొక్కు. పలకల మధ్య కోణం మగవాళ్లలో సుమారు 90 డిగ్రీలు, ఆడవాళ్లలో 120. మగవాళ్లకి గొంతుముడి పొడుచుకొచ్చినట్టు కనబడేది అందుకే. పక్కనున్న గ్రంథికి ఇదే పేరు 1656లో ఆంగ్ల వైద్యుడు థామస్ వార్టన్ పెట్టాడు.

దాని కింద క్రికాయిడ్. ‘క్రికోస్’ అంటే వలయం. మామూలు వలయం కాదు, ముద్ర ఉంగరం: ముందు 5–7 మిల్లీమీటర్ల ఎత్తే, వెనక 20–30. కొనేముందు పరీక్షించాల్సిన చోటు ఇదే. వాయునాళపు వలయాల్లో వెనక భాగం తెరిచి ఉండాలి, ఆంగ్ల ‘సి’ అక్షరంలా. వెనకున్న ఆహారవాహికలో ముద్ద దిగేటప్పుడు ఉబ్బడానికి చోటు కావాలి కదా. పూర్తిగా చుట్టూ మూసుకున్నది క్రికాయిడ్ ఒక్కటే. నాసిరకం బొమ్మల్లో అన్నిటినీ గాజుల్లా గుండ్రంగా పోసేస్తారు. ఇందులో ఆ తప్పు లేదు.

క్రికాయిడ్ వెనక అంచు మీద కూర్చున్న జంట అరిటినాయిడ్లు. ‘అరిటైనా’ అంటే నీళ్లు ముంచే గరిటె. నిజానికి చూస్తే గరిటె తట్టదు, చిన్న పిరమిడ్‌లే కనబడతాయి. వాటిని వేలితో తిప్పితే స్వరతంత్రులు వెనకవైపు విచ్చుకోవాలి, ముందు కొన కలిసే ఉండాలి. రెండూ సమానంగా విచ్చుకోకపోతే పిన్ను వంకరపోయినట్టే, తిప్పి పంపేయండి. థైరాయిడ్ పలకని ముందుకి వంచితే తంత్రులు సాగాలి, గొంతు హెచ్చుస్థాయికి వెళ్లేది అలాగే. వంగడం లేదంటే పక్క స్క్రూ మరీ బిగించి ఉంటుంది, అర చుట్టు వదులు చేస్తే చాలు. అంతకు మించి తిప్పితే పలక వేలాడిపోతుంది.

ఇక అట్ట. ఎపిగ్లాటిస్‌కి ‘కొండనాలుక’ అని అచ్చేశారు. కొండనాలుక అద్దం ముందు నోరు తెరిస్తే అంగిలి చివర వేలాడుతూ కనబడేది. లాటిన్‌లో దాని పేరు ‘ఉవులా’, చిన్న ద్రాక్షపండు అని. ఈ నమూనాలో అది అసలు లేనే లేదు! ఎపిగ్లాటిస్ ఇంకా కింద, నాలుక మొదలు వెనకాల ఆకులా నిలబడి, మింగేటప్పుడు వెనక్కి వాలేది. దానికి పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఉపజిహ్విక అన్న మాట వాడితే సరిపోయేది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ అట్టకి అచ్చంగా సరిపోతుంది.

థైరాయిడ్‌కి ‘అవటు’ అని రాశారు. ఇది వీళ్ల తప్పు కాదు, వాడుకలో స్థిరపడ్డ మాటే. కానీ అమరకోశంలో అవటువు, ఘాట, కృకాటిక ఒకే అర్థం, మెడ వెనక భాగం. డాలేమో గొంతు ముందుంది, పేరేమో పెడతల కింద! క్లాసులో చెప్పేవాళ్లు పక్కన ‘డాలు’ అని పెన్నుతో రాసుకుంటే పిల్లలకి ఆకారమూ గుర్తుంటుంది.

తుడవడానికి తడిగుడ్డ, ఒక చుక్క సబ్బు చాలు. స్పిరిట్, గోళ్లరంగు తీసే ద్రావకం తగిలితే రంగూ అంకెలూ లేచిపోతాయి. స్వరతంత్రులు రబ్బరువి. ఎండ పడే కిటికీ దగ్గర పెడితే గట్టిపడి చిట్లుతాయి. విడిగా కొందామంటే ఆ ముక్కలు అమ్మడం లేదు, బొమ్మకి ఐదు చుక్కల్లో ఒకటి తగ్గించింది అందుకే.