కాశీ రైలు బాగుంది, కాశీలో ఇచ్చిన బస బాగాలేదు

ముందే చెప్పేస్తున్నాను, రైలు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా కాశీలో ఇచ్చిన బస గురించే. ప్యాకేజీ కాగితంలో ‘బస’ అని రాసి ఉంటే దానికి అర్థమేంటో ముందు నేను అడగలేదు. దానివల్ల 74 ఏళ్ళ మా అమ్మ రాత్రి పదకొండు గంటలకి మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మేముండేది తిరుపతి, బైరాగిపట్టెడలో. అమ్మ, పెద్దమ్మ చిత్తూరులో ఉంటారు. కాశీకి పోవాలని పెద్దమ్మ ఇరవై ఏళ్ళుగా అడుగుతోంది. సొంతంగా తీసుకెళ్దామంటే నలుగురికీ కింది బెర్తులు దొరకాలి, ఊరూరా ఆటోలు మాట్లాడుకోవాలి. వాళ్ళిద్దరికీ హిందీ ముక్క రాదు, మాకూ అంతంతమాత్రమే. ఆ టెన్షన్ ఎందుకని యాత్రా రైలు చూశాం. 2021 నవంబరులో రైల్వే భారత్ గౌరవ్ పథకం తెచ్చి ప్రైవేటు వాళ్ళకి కూడా రైళ్ళు అద్దెకిస్తామన్నప్పటి నుంచి ఇలాంటి ప్యాకేజీల మాట ఎక్కువగా వినిపిస్తోంది. మేము వెళ్ళిన యాత్ర నడిపినవాళ్ళ పేరు ఇక్కడ రాయను.

పది రోజులకి తలకి స్లీపరైతే 16,900, థర్డ్ ఏసీ 27,400, సెకండ్ ఏసీ 35,800. థర్డ్ ఏసీ తీసుకున్నాం, నలుగురికి 1,09,600 అయింది. మూడు పూటలా తిండి, టీలు, బస్సులు, బస, బీమా అన్నీ అందులోనే. గుడి టికెట్లు, పడవలు మన ఖర్చు. ప్యాలెస్ ఆన్ వీల్స్ లాంటి రాజుల రైళ్ళు 1982 నుంచి ఉన్నాయి కానీ వాటికి లక్షలు కావాలి. అక్కడ రాత్రి పడక కూడా రైల్లోనే, హోటల్ గది గొడవే ఉండదు. ఆ సంగతి ఎంత ముఖ్యమో కాశీలో తెలిసింది.

రేణిగుంటలో ఎక్కాం. తిరుపతి నుంచి ఆటో 400. బోగీ శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. మా బోగీ చూసుకునే కుర్రాడు అమ్మ మాత్రలు చూసి, రోజూ తెల్లారి అయిదింటికి అడక్కుండానే ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు తెచ్చిపెట్టేవాడు. తిండి మీద నాకు పెద్ద ఆశ లేదు. రెండో రోజు రాత్రి పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, అప్పడం, మజ్జిగ వచ్చాయి. చారు పొగలు కక్కుతోంది, ఇంగువ ఘాటు బోగీ అంతా నిండింది. పెద్దమ్మ రెండోసారి అడిగితే బకెట్టు పట్టుకుని మళ్ళీ వచ్చి పోశారు. "మన ఇంట్లో కాచినట్టే ఉందబ్బయా" అంది. మేం తెచ్చుకున్న బొరుగులు, ఊరుబిండి డబ్బా నాలుగో రోజు దాకా మూత తీయలేదు.

పూరీ, కోణార్క్ హాయిగా జరిగిపోయాయి. కోణార్క్‌లో టికెట్ 40 రూపాయలు, ఎండ మాత్రం మామూలుగా లేదు. గయలో విష్ణుపాదం దగ్గర నాన్నకి పిండప్రదానం చేశాను. పంతులుగారితో ముందే 1,500కి మాట్లాడుకున్నాను, ఆయన మాట తప్పలేదు.

ఇక కాశీ. స్టేషన్ నుంచి బస్సులో తిప్పి తిప్పి రాత్రి 10:40కి ఒక సందు మొదట్లో దించారు. పది నిమిషాల నడక. మోకాళ్ళు నొప్పులున్న అమ్మని మా ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించింది. చేరింది హోటల్ కాదు, పెళ్ళిళ్ళకిచ్చే మండపంలాంటి భవనం. మాకిచ్చింది మూడో అంతస్తులో ఒక హాలు. లిఫ్టు పనిచేయడం లేదు. హాల్లో నేల మీద వరసగా ఇరవై రెండు పరుపులు, మూడు బాత్రూములు. ఆడవాళ్ళు, మగవాళ్ళు అంతా అక్కడే. ఒక తలుపుకి గడియ లేదు, లోపలున్న మనిషి చేత్తో పట్టుకుని కూర్చోవాలి. అమ్మ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూలబడింది. "నావల్ల కాదు నాయనా, నన్నీడనే వదిలేయండి" అంది.

మేనేజరుని పిలిచి కాగితం చూపించాను. ‘ఏసీ గదిలో బస, ముగ్గురికి ఒక గది’ అని స్పష్టంగా ఉంది. "అది వాష్ అండ్ చేంజ్ సార్, ఆ తర్వాత మార్చారు, ఒక్క రాత్రే కదా సర్దుకోండి" అన్నాడు. వాష్ అండ్ చేంజ్ అంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ఇచ్చే చోటట. ఎప్పుడు మార్చారు, ఎవరికి చెప్పారు అంటే జవాబు లేదు. పోనీ రైల్లోనే పడుకుంటామన్నాను. రైలు యార్డుకి పోయిందన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మా ఆవిడ ఆ రాత్రి గట్టిగానే అడిగింది, "మీ అమ్మనైతే ఇక్కడ పడుకోబెడతారా?" అతను తల దించుకున్నాడు. పాపం అతనూ జీతానికి వచ్చినవాడే.

ఇది నన్నెందుకంత బాధపెట్టిందో తిరుపతివాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఊరికి రోజూ వేలమంది వస్తారు. కొండ మీద పీఏసీల్లో, అంటే యాత్రికుల వసతి భవనాల్లో, పైసా తీసుకోకుండా చాప, లాకరు ఇస్తారు. అక్కడ హాల్లో పడుకుంటే ఎవరూ బాధపడరు, ఎందుకంటే గది ఇస్తామని డబ్బు తీసుకోలేదు. ఇక్కడ ఏసీ గది అని చెప్పి తలకి 27 వేలు తీసుకుని హాల్లో పరుపులేశారు.

ఆ రాత్రే బయటికొచ్చి రెండు సందుల అవతల హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. ఒక్కోటి 2,200. మాతో పాటు మదనపల్లె దంపతులు కూడా వచ్చేశారు. మిగతావాళ్ళు పాపం సర్దుకున్నారు.

మర్నాడు తెల్లారి విశ్వనాథుడి దర్శనం అయ్యాక అమ్మ ముఖం మారింది. 2021లో తెరిచిన కారిడార్ పుణ్యమా అని గుడి దగ్గర నడవడానికి చోటుంది. మధ్యాహ్నం ప్యాకేజీ భోజనం వదిలేసి మానససరోవర్ దగ్గరున్న ఆంధ్రాశ్రమానికి వెళ్ళాం. ముద్దపప్పు, వంకాయ కూర, చారు, గడ్డపెరుగు. వడ్డించేవాళ్ళు తెలుగులో "ఇంకొంచెం వేయించుకోండమ్మా" అంటుంటే అమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేవడమే మర్చిపోయింది. కాశీకి వెళ్ళే తెలుగువాళ్ళు అక్కడ ఒక్క పూటైనా తినండి, తోచినంత విరాళం ఇచ్చి రండి. సాయంత్రం పడవలో హారతి చూశాం, మనిషికి 200. కాశీలో ఒక పండు వదలాలి కదా, పెద్దమ్మ సీతాఫలం వదిలింది. అమ్మ జామ అంది. "బేనీషా మామిడి మాత్రం వదలను" అని గట్టిగా చెప్పింది.

అయోధ్యలో హనుమాన్ గఢీ 76 మెట్లు పెద్దమ్మ ఎక్కింది, అమ్మ కింద కూర్చుంది. ప్రయాగలో స్నానం బాగా జరిగింది.

తిరిగొచ్చిన మూడో రోజే ఫిర్యాదు రాశాను. హాలు ఫోటోలు, వాళ్ళిచ్చిన కాగితం, హోటల్ బిల్లు జతచేశాను. నలభై రోజులకి తలకి వెయ్యి చొప్పున 4,000 వెనక్కి వేశారు. మాకైన గది ఖర్చు 4,400. డబ్బు కట్టే ముందు మీరు మాత్రం ఊరి పేరు చెప్పి అడగండి: ఇక్కడ రాత్రి పడుకోవడానికి గదా, స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికా? గదిలో ఎంతమంది? లిఫ్టు ఉందా? జవాబు ఫోన్లో కాదు, వాట్సాప్‌లోనో మెయిల్లోనో తీసుకోండి. నడవగలిగినవాళ్ళకైతే ఈ రైళ్ళు పెట్టిన డబ్బుకి తగినవే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే కాశీలో ఒక గది మీరే విడిగా బుక్ చేసుకోండి, దానికి ఒక అయిదు వేలు పక్కన పెట్టుకోండి.

అమ్మ తెచ్చుకున్న గంగ చెంబు దేవుడి గదిలో ఉంది. దాన్ని రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేగానీ కాశీయాత్ర పూర్తి కాదంటోంది. తిరుపతి నుంచి నేరుగా రైలుంది కాబట్టి ఈసారి ప్యాకేజీ వద్దనుకున్నాం. గుడికి దగ్గర్లో, కింది అంతస్తులో గది ఎవరిస్తారా అని మా ఆవిడ నిన్నటి నుంచి ఫోన్లు చేస్తోంది.