ఏ బ్రౌజర్ కావాలో అడిగే ల్యాప్‌టాప్ షాపు

విజయవాడ గవర్నర్‌పేటలోని ఈ షాపులో మా ఆఫీసుకి విండోస్ 11 ల్యాప్‌టాప్ తీసుకున్నాం. నేను జీఎస్టీ రిటర్నులు వేస్తాను, పొద్దస్తమానం బ్రౌజర్‌తోనే పని.

రేట్లు బయట ఉన్నట్టే ఉన్నాయి. నాకు నచ్చింది వేరే. బిల్లు కట్టాక సెటప్ చేసే అబ్బాయి, "మేడమ్, మీరు ఏ బ్రౌజర్ వాడతారు? మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ ఇందులోనే వస్తుంది, అది చాలంటే అలాగే ఉంచేస్తా" అన్నాడు. ఇంతవరకూ నన్ను ఏ షాపులోనూ ఎవరూ ఈ మాట అడగలేదు. ఫైర్‌ఫాక్స్ అన్నాను. దాన్ని తయారుచేసే మొజిల్లా సైటు నుంచే దించి, పాత ల్యాప్‌టాప్‌లోని బుక్‌మార్కులన్నీ ఎక్కించాడు. డిఫాల్ట్, అంటే లింకు నొక్కితే దానంతటదే తెరుచుకునే బ్రౌజర్, మార్చి ఊరుకోలేదు. మెయిల్‌లో ఒక లింకు నొక్కి చూశాడు, బాగానే ఉంది. చలానా పీడీఎఫ్ తెరిస్తే మాత్రం ఎడ్జ్‌లోకి వెళ్లింది. పీడీఎఫ్‌కి డిఫాల్ట్ విడిగా మార్చాలట. అదీ మార్చి, మళ్లీ తెరిచి చూపించాడు.

ఇది చిన్న విషయం కాదు. మెషీన్‌లో ముందే ఏది ఉంటే మనలో చాలామంది దాన్నే వాడేస్తాం. విండోస్‌తో తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని కలిపేసి, పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ని దెబ్బతీసిందంటూ 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది అందుకే. కంపెనీని రెండుగా విడగొట్టమన్న తీర్పు అప్పీల్లో నిలవలేదు. ఐరోపాలో మాత్రం 2010 నుంచి బ్రౌజర్ ఎంచుకునే స్క్రీన్ చూపించాల్సి వచ్చింది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 అనే అప్‌డేట్‌లో అది కనబడకుండా పోయినందుకు 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. మన దగ్గర 2022లో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అక్కడా ఫోన్లలో యాప్‌లన్నీ కలిపి ముందే ఎక్కించాలన్న షరతు మీదే గొడవ. ఇన్ని కేసులు నడిచిన ప్రశ్నని ఈ అబ్బాయి తనంతట తాను అడిగాడు. అందుకే నా రేటింగ్ అయిదుకి అయిదు.

ఎడ్జ్‌ని పూర్తిగా తీసేయమని అడిగాను. సెట్టింగ్స్ నుంచి తీసేసుకునే వీలు 2024లో ఐరోపా దేశాల విండోస్‌కే ఇచ్చారని, బలవంతంగా పీకితే అప్‌డేట్లప్పుడు ఇబ్బంది రావచ్చని చెప్పాడు. టాస్క్‌బార్‌లోంచి మాత్రం తీశాడు. పాత సైట్లకి ఎడ్జ్‌లోని ఐఈ మోడ్ (సైట్లని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో లాగా తెరిచేది) పనికొస్తుందన్నాడు, అదీ నిజమే.

సాయంత్రాలు బాగా రద్దీ, కూర్చోడానికి కుర్చీ కూడా దొరకదు. పొద్దున్నే వెళ్లండి, పాత ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లండి.