పరగడుపు షుగర్ పరీక్షా, హెచ్‌బీఏ1సీనా?

మధుమేహం మూత్రపిండాలను, కంటి రెటీనాను, పాదాల నరాలను చడీచప్పుడు లేకుండా దెబ్బతీస్తుంది. దాన్ని పట్టిచ్చే ఈ రెండు రక్తపరీక్షల్లో ఏది చేయించుకోవాలన్నది చిన్న విషయం కాదు.

ఖర్చు: పరగడుపు పరీక్ష చవక. హెచ్‌బీఏ1సీ ఖరీదు.

శ్రమ: మొదటిదానికి 8 గంటలు ఏమీ తినకూడదు. రెండోదానికి భోంచేసి వెళ్లినా ఫర్వాలేదు.

చెప్పేది: మొదటిది ఆ ఉదయం సంగతే. ముందురోజు నోరు కట్టుకుంటే అంకె కాస్త అందంగా రావచ్చు. రెండోది ఎర్ర రక్తకణాల హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. రెండు మూడు నెలల తీరు బయటపడుతుంది, దాన్ని దాచలేం.

మధుమేహపు హద్దు: మొదటిదానిలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, రెండోదానిలో 6.5 శాతం.

గర్భిణులకు, రక్తహీనత ఉన్నవారికి, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారికి హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. గ్లూకోజ్ పరీక్షలే మేలు. మందు మార్చినవారు మాత్రం మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ తప్పక చేయించుకోవాలి.