బి కణాల కల్చర్‌కు సైటోకైన్లు: కలిపిన సీసా కన్నా విడి వయల్సే మేలు

మనిషి రక్తం నుంచి బి కణాలను (యాంటీబాడీలకు మూలమైన తెల్ల రక్తకణాలను) వేరుచేసి, కల్చర్‌లో యాంటీబాడీ వదిలే ప్లాస్మా కణాలుగా మార్చి, అవి ఎంత యాంటీబాడీ వదులుతున్నాయో కొలవడం మా ల్యాబ్ పని. దీనికి కావలసిన సైటోకైన్లు, అంటే కణాలకు సిగ్నల్ ఇచ్చే ప్రొటీన్లు, రెండు రూపాల్లో దొరుకుతున్నాయి. ఒకటి, అన్నీ ముందే కలిపేసిన సప్లిమెంట్ సీసా. రెండోది, ఐఎల్-4, ఐఎల్-21 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్), బాఫ్ (బి కణాలను బతికించేది), సీడీ40 లిగాండ్ (టి కణం ఇచ్చే సాయపు సిగ్నల్) వేటికవి పొడిగా వచ్చే వయల్స్ సెట్. నేను రెండూ వాడాను. సెట్‌కే నా ఓటు.

సీసాని తీసిపారేయడం లేదు. కణాలు బాగా పెరుగుతాయి, పని తొందరగా అవుతుంది. సంఖ్య పెంచుకోవడమే కావాలంటే అదే కొనండి. ఏ సిగ్నల్ వల్ల ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మాత్రం అది పనికిరాదు. ఒక సైటోకైన్ తీసేసి చూసే వీలే అందులో లేదు.

ఐఎల్-21నే తీసుకోండి. లింఫ్ గ్రంథుల్లో బి కణాలు పరిపక్వమయ్యే జెర్మినల్ సెంటర్‌లో ఫాలిక్యులర్ హెల్పర్ టి కణాలు దీన్ని వదులుతాయి. బి కణం మీద ఐఎల్-21 రిసెప్టర్, కామన్ గామా చెయిన్ జతగా దీన్ని పట్టుకుంటాయి. లోపల జాక్1, జాక్3 ఎంజైములు మేల్కొంటాయి, ముఖ్యంగా స్టాట్3 అనే ప్రొటీన్ కేంద్రకానికి చేరుతుంది. సీడీ40 సిగ్నల్ తోడుంటే కణం విభజన చెంది, బ్లింప్-1 అనే నియంత్రణ ప్రొటీన్ పెరిగి, ప్లాస్మా కణం అవుతుంది. అదే ఎలుక బి కణానికి ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా గోడలోని పదార్థం) మాత్రమే తగిలి, టి కణం సాయం లేకపోతే, ఈ ఐఎల్-21 దాన్ని చావు వైపు నెడుతుంది. ప్రొటీన్ మారలేదు, రిసెప్టర్ మారలేదు. కణం అప్పటికి ఏ స్థితిలో ఉందన్నదే తేడా. నా దృష్టిలో బి కణాల గురించి తెలుసుకోవలసిన వాటిలో ఇది చాలా ముఖ్యమైనది. విడి వయల్స్ ఉంటేనే ఇది ప్లేట్ మీద కనిపిస్తుంది.

అందుకే ఎండోటాక్సిన్ (అంటే ఆ ఎల్‌పీఎస్సే) లెక్క ముందు చూస్తాను. ఈ ప్రొటీన్లలో చాలావరకు ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారవుతాయి. శుద్ధి సరిగ్గా లేకపోతే మిగిలే ఎల్‌పీఎస్ ఎలుక బి కణాలను నేరుగా రెచ్చగొడుతుంది. అప్పుడు ఫలితం సైటోకైన్‌దో మలినానిదో చెప్పలేం. ఈ సెట్‌లో ప్రతి లాట్‌కూ (ఒకేసారి తయారైన బ్యాచ్‌కూ) కొలిచిన విలువ సర్టిఫికెట్ మీద వేశారు. చాలా సంతోషం. సీసా మీద అది లేదు.

వయల్ రాగానే ఐఎల్-21 కలిపి, పావుగంట ఆగి, కణాలను ఫిక్స్ చేసి ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతిలో) ఫాస్ఫో-స్టాట్3, అంటే సిగ్నల్ అందుకున్న స్టాట్3, చూస్తాను. ఐఎల్-4కైతే ఫాస్ఫో-స్టాట్6. రెండూ స్పష్టంగా కనిపించాయి. సర్టిఫికెట్ మీది యాక్టివిటీ సంఖ్యను మాత్రం నమ్ముకుని మోతాదు వేయకండి. ఐఎల్-4 యాక్టివిటీని టీఎఫ్-1 అనే కణాల మీద కొలుస్తారు. అవి బి కణాలు కావు. మీ కణాల మీద మీరే వరుస మోతాదులు వేసి చూసుకోవాలి. మాకు ఐఎల్-21 మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల దగ్గర కుదిరింది.

విడిగా ఉంటే వరుస కూడా మార్చుకోవచ్చు. ముందు సీడీ40 లిగాండ్, ఐఎల్-4తో కణాలను పెంచి, తర్వాత మీడియం మార్చి ఐఎల్-21 ఇస్తే ప్లాస్మా కణాలు బాగా వస్తున్నాయి. ప్లాస్మా కణాల గుర్తులైన సీడీ38, సీడీ27 రెండూ ఎక్కువగా ఉన్న గుంపు ఫ్లోలో విడిగా కనిపిస్తుంది.

సీడీ40 లిగాండ్‌కు ట్యాగ్‌తో (అతికించిన చిన్న గుర్తుతో) పాటు, దాన్ని పట్టి గుంపుగా కట్టే యాంటీబాడీ కూడా ఇచ్చారు. విడివిడి అణువులుగా తేలితే ఇది సీడీ40ని బలంగా కదిలించలేదు కాబట్టి మంచి పని చేశారు. బాఫ్ విషయంలోనే అసంతృప్తి. ఇది మూడేసి అణువుల గుత్తిగా ఉంటుంది, ఇంకా పెద్ద గుత్తులుగానూ కడుతుంది. బి కణం మీద దీన్ని పట్టే రిసెప్టర్లలో బాఫ్-ఆర్‌కు మూడు చాలు, టాసీకి పెద్ద గుత్తి కావాలి. వయల్‌లో ఏది ఉందో కాగితంలో లేదు. అడిగితే వచ్చిన జవాబు కూడా కాగితంలోని వాక్యాలే.

మనిషి ఐఎల్-4 ఎలుక కణాల మీద పనిచేయదు, మనిషి బాఫ్ పనిచేస్తుంది. రెండు జాతులతో పనిచేసేవాళ్లు ఇది చూసుకుని ఆర్డర్ పెట్టాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, కామన్ గామా చెయిన్ జన్యువు చెడిపోయి పుట్టే పిల్లలున్నారు. వాళ్లకు బి కణాలు ఉంటాయి, టి కణాలు ఉండవు. మూలకణాల మార్పిడితో దాత టి కణాలు వస్తాయి, కానీ చాలామందిలో బి కణాలు సొంతవే మిగులుతాయి. ఆ కణాల చుట్టూ ఐఎల్-21 ఉన్నా వాటికి అందదు. అందుకే ఆ పిల్లల్లో చాలామందికి తర్వాత కూడా ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీలు) ఎక్కిస్తూనే ఉండాలి. అలాంటి కణాల ముందు మనం పెట్టే ఐఎల్-21 కచ్చితంగా పనిచేసేదై ఉండాలి. లేకపోతే లోపం కణంలో ఉందో వయల్‌లో ఉందో ఎలా తేలుతుంది?

వాడేటప్పుడు: మూత తీసే ముందు తప్పకుండా స్పిన్ చేయండి, పొడి కంటికి కనిపించదు. క్యారియర్ ప్రొటీన్ లేని రకం తీసుకుంటే 0.1 శాతం బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్) కలపండి, లేకపోతే ట్యూబ్ గోడకే అంటుకుపోతుంది. చిన్న అలికాట్లుగా (వాటాలుగా) మైనస్ 80 డిగ్రీల్లో పెట్టి, ఒకసారి కరిగించినది మళ్లీ గడ్డకట్టించకండి. ప్రయోగం మొత్తానికి సరిపడా ఒకే లాట్ అడిగి తెప్పించుకోండి. ప్లాస్మా కణాలను ఎక్కువ రోజులు బతికించాలంటే ఐఎల్-6 కావాలి, అది సెట్‌లో లేదు, వేరే కొనాల్సిందే.