లండన్‌లో పాత నాణేలు: ఏ ధరకు తల ఊపొచ్చు, ఏ ధరకు లేచి వచ్చేయాలి

పాత ఇంగ్లండు నాణేలు చూడాలని, వీలైతే ఒకటో రెండో కొనాలని లండన్ వెళ్ళేవాళ్ళు బస బ్లూమ్స్‌బరీలోనే చూసుకోండి. హీత్రోలో పికడిల్లీ లైన్ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా రసెల్ స్క్వేర్‌లో దిగొచ్చు. బ్రిటిష్ మ్యూజియం, స్పింక్ వేలంశాల, కొన్ని నాణేల దుకాణాలు అక్కణ్ణించి నడిచి వెళ్ళేంత దగ్గర. స్టేషన్‌లో మాత్రం లిఫ్టు కోసం ఆగండి. మెలికలు తిరిగిన మెట్లు 175 ఉన్నాయి, సూట్‌కేసులతో ఎక్కడం కష్టం.

మేం దిగింది పాత ఇళ్ళను కలిపి చేసిన చిన్న హోటల్లో. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ కడుపు నిండా పెట్టారు. కానీ మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని, కింది అంతస్తు కావాలని ముందే రాసినా నాలుగో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు లేదు. గట్టిగా అడిగితే మర్నాటికి మార్చారు. ఆ వీధుల్లో ఇలాంటి హోటళ్ళే ఎక్కువ కాబట్టి, పెద్దవాళ్ళతో వెళ్తుంటే లిఫ్టు సంగతి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి. శాకాహారులకు తిండి బెంగ లేదు. యూస్టన్ రైల్వే స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో దోసె, థాలీ, చాట్ అన్నీ దొరుకుతాయి.

దుకాణాలకు వెళ్ళే ముందు బ్రిటిష్ మ్యూజియంలో 68వ గది చూడండి. ప్రవేశం ఉచితం. డబ్బు చరిత్రంతా అక్కడుంది. నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం అరగని నాణెం ఎలా ఉంటుందో తీరిగ్గా చూడటం. జుట్టు పాయలు, కిరీటంలో రాళ్ళు, అక్షరాల అంచులు ఎంత పదునుగా ఉండాలో కంటికి పట్టిందంటే, తర్వాత ఎవరైనా ‘ఈఎఫ్’ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) అని చీటీ అంటించి చూపిస్తే మనమే పోల్చుకోగలం. ఇంగ్లండు వ్యాపారులు నాణెం ఎంత అరిగిందో చూసి ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అని మెట్లు కడతారు. ఒక్క మెట్టు పైకెళ్తే ధర రెట్టింపు కావడం మామూలే. అందుకే బేరం నడిచేది చాలావరకు ఆ మెట్టు మీదే.

దీనికి మంచి ఉదాహరణ 1847 నాటి గోథిక్ క్రౌన్ అనే పెద్ద వెండి నాణెం. విలియం వయన్ చెక్కిన విక్టోరియా రాణి బొమ్మ, పాత గోథిక్ అక్షరాలు. ముద్రించింది 8,000 మాత్రమే. ఒక దుకాణంలో దానికి 4,500 పౌండ్లు చెప్పారు, చీటీ మీద ఈఎఫ్ అని ఉంది. అద్దాల పెట్టెలో అద్భుతంగా కనిపించింది. చేతిలోకి తీసుకుని, అంచులు పట్టుకుని దీపం కింద నెమ్మదిగా తిప్పాను. ముఖం ఎదుట ఉన్న ఖాళీ జాగాలో సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. ఎప్పుడో ఎవరో గుడ్డతో రుద్ది మెరుగుపెట్టారన్నమాట. మామూలుగా చేతులు మారి పడ్డ గీతలైతే తలో దిక్కుకు పోతాయి. ఒకసారి అలా తోమిన నాణెం అసలు మెరుపు మళ్ళీ రాదు, ఆ ధరా రాదు. గీతల సంగతి అడిగితే “ఈ నాణేలన్నీ అంతే” అన్నారు. అక్కడితో నాకు ఆ దుకాణం మీద నమ్మకం పోయింది. లోపం ఉన్న సరుకు అమ్మడం తప్పు కాదు, దాన్ని చీటీ మీద రాయకపోవడం తప్పు.

అదే వారం స్పింక్‌లో వేలానికి ముందు నాణేలు చూడనిచ్చారు. 1666 నుంచి ఉన్న సంస్థ కదా, మనలాంటి వాళ్ళను పట్టించుకుంటారా అని కాస్త టెన్షన్ పడ్డాను. అదేం లేదు. అడిగిన లాట్ (వేలం వస్తువు) నంబర్లు రాసుకుని, ట్రేలో పెట్టి తెచ్చి, దీపం, మఖమల్ గుడ్డ ఇచ్చి వదిలేశారు. కొనేవాడా కాదా అని ఎవరూ కొలిచి చూడలేదు. అక్కడ తోమని గోథిక్ క్రౌన్ ఒకటి ఉంది. వెండి మీద నీలం, ఊదా కలిసిన సహజమైన మసక. దాని అంచనా ధర దుకాణంలో చెప్పినదానికంటే తక్కువ. అయితే వేలంలో సుత్తి దెబ్బతో ఖర్చు ఆగదు. దానిపైన కొనేవాడి కమీషను, ఆ కమీషను మీద వ్యాట్ కలిపితే దాదాపు పావు వంతు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. అది కలుపుకుని చూసినా ఆ నాణేనిదే న్యాయమైన ధర అనిపించింది.

నేను పాటించే పద్ధతి ఇదే. చెప్పిన ధరను ఇంకో దుకాణం చెప్పే ధరతో పోల్చను. అదే నాణెం, అదే స్థితిలో, ఇటీవలి వేలాల్లో కమీషనుతో కలిపి ఎంతకు పోయిందో చూస్తాను. పెద్ద వేలం సంస్థలు పాత ఫలితాలు వాళ్ళ సైట్లలో పెడతాయి, ఎవరైనా చూడొచ్చు. దుకాణదారు అంతకంటే పది, పదిహేను శాతం ఎక్కువ చెబితే ఇస్తాను. నాణెం అసలుదని పూచీ ఇచ్చి, బిల్లు మీద స్థితి రాసి, తేడా వస్తే వెనక్కి తీసుకునేవాళ్ళకు ఆ మాత్రం ఇవ్వాలి. బ్రిటిష్ న్యూమిస్మాటిక్ ట్రేడ్ అసోసియేషన్‌లో సభ్యులా అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

శనివారం పొద్దున్నే చేరింగ్ క్రాస్ సంతకు వెళ్ళాలి. స్టేషన్ దగ్గర నేలమాళిగలో బల్లలు వేసుకుని నాణేలు, స్టాంపులు, పాత పోస్టుకార్డులు అమ్ముతారు. అక్కడ ఒక పెద్దాయన దగ్గర 1905 హాఫ్ క్రౌన్ ఉంది. ఎడ్వర్డ్ ఏడో చక్రవర్తి వెండి నాణేల్లో అందరూ వెతికేది అదే. ఆ ఏడాది వేసింది 1,66,008 మాత్రమే. ఏడాదికొకటి చొప్పున వరస పూర్తిచేసే ప్రతివాడికీ కావాల్సిందే కాబట్టి బాగా అరిగినదానికీ గిరాకీ, అందుకే దొంగ నాణేలూ ఎక్కువ. నేను అడగకముందే ఆయన తక్కెడ నా వైపు జరిపాడు. 14.14 గ్రాములు ఉండాల్సింది, అరుగుదల వల్ల కొద్దిగా తగ్గింది, అది సహజం. అంకెల ఆకారం, అంచు గాట్లు సరిగ్గా ఉన్నాయి. 650 పౌండ్లు న్యాయమే అనిపించింది, కానీ నా సేకరణ అటువైపు కాదు.

పోర్టొబెల్లో రోడ్డు పాత వస్తువుల సంత చూడటానికి బాగుంటుంది, నాణేలు కొనడానికి కాదు. 1797 కార్ట్‌వీల్ రెండు పెన్నీల నాణెం, అంచు రెండుచోట్ల నొక్కుకుపోయింది, 120 పౌండ్లన్నారు. రెండు ఔన్సుల రాగి, 41 మిల్లీమీటర్ల వెడల్పు. చేతిలో పెట్టుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ అది అరుదైనదేమీ కాదు, ఏ సంతలోనైనా దొరుకుతుంది. నిజంగా అందులో సగమూ ఎక్కువే. కొత్త నాణేల్లోనూ ఇదే తంతు. 2009 క్యూ గార్డెన్స్ యాభై పెన్నీలు 2,10,000 మాత్రమే వేసిన మాట నిజం. నూరు, నూటయాభై పౌండ్లకు చేతులు మారే ఆ నాణేనికి ఆన్‌లైన్‌లో వేలు అడుగుతారు. అడిగినంత మాత్రాన ఎవరో ఇచ్చినట్టు కాదు. మన దగ్గర రాముడి పట్టాభిషేకం బొమ్మతో ‘ఈస్ట్ ఇండియా కంపెనీ 1818’ అని తిరిగే బిళ్ళలైతే అసలు నాణేలే కావు. వాటికి లక్షలు చెప్పేవాళ్ళ మాట వినొద్దు.

నేను కొన్నది 1794 నాటి రాగి నాణెం. రూపాయిలో నలభై ఎనిమిదో వంతు. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ముద్రించి, మచిలీపట్నం వైపు ఉత్తర సర్కారుల్లో చెలామణీకి పంపారు. ఈస్ట్ ఇండియా కంపెనీ చిహ్నం, సింహాలు, ‘రూపాయికి 48’ అనే మాట స్పష్టంగా ఉన్నాయి. 30 పౌండ్లు. గోథిక్ క్రౌన్‌కు ఉన్నంత పోటీ దీనికి లేదు, అందుకే ధర అందుబాటులో ఉంది. మనవాళ్ళ చేతుల్లో తిరగడానికి చేసిన నాణెం కాబట్టి నాకు ఇదే విలువైనది. ఆ బల్ల మీదే 1808 నాటి మద్రాసు పది కాసుల రాగి నాణేలూ ఉన్నాయి. 1809 జనవరిలో కెంట్ తీరంలో మునిగిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడలోవి. ‘మునిగిన ఓడ నిధి’ అని అందమైన పెట్టెలో పెట్టి ఎక్కువ చెబుతారు, కానీ సముద్రంలోంచి అవి లక్షల్లో పైకి వచ్చాయి. పెట్టెకు డబ్బు ఇవ్వకండి.

ఆ నాణెం కొన్నాక బర్మింగ్‌హామ్ వెళ్ళకుండా ఉండలేకపోయాను. యూస్టన్ నుంచి గంటన్నర లోపే. టంకశాల ఎప్పుడో పోయింది, బౌల్టన్ నివాసం సోహో హౌస్ మ్యూజియంగా ఉంది. వారమంతా తెరవరు, రోజు చూసుకుని వెళ్ళండి. అక్కడి వాలంటీరు మన నాణెం చేతిలోకి తీసుకుని ఆవిరి యంత్రాలతో ముద్రించిన తీరు ఎంతో ఓపిగ్గా చెప్పారు. వేల్స్‌లోని లాంట్రిసాంట్‌లో రాయల్ మింట్ (బ్రిటన్ ప్రభుత్వ టంకశాల) కూడా చూశాం. పిల్లలుంటే వెళ్ళొచ్చు, సొంతంగా ఒక నాణెం కొట్టనిస్తారు. పాత నాణేల కోసమే అయితే అంత ప్రయాణం తప్పనిసరి కాదు.

చివరిగా బంగారు సావరిన్లు. కోస్తాలో కాసు అంటే ఎనిమిది గ్రాములు కదా, సావరిన్ బరువు 7.98 గ్రాములు. అందులో మేలిమి బంగారం 7.32. మామూలు సంవత్సరాలవైతే ఆ రోజు బంగారం ధరకు కొద్దిగా మాత్రమే పైన ఇవ్వాలి. విక్టోరియా బొమ్మ ఉందని అరుదైన ధర అడిగితే వద్దనండి. 1819 సావరిన్ లాంటిది వేరు, అది 3,574 మాత్రమే వేశారు. ఏది కొన్నా బిల్లు మీద సంవత్సరం, బరువు, స్థితి రాయించుకోండి. వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో నగలకు ఇచ్చే మినహాయింపు బంగారు నాణేలకు వర్తించదు. రెడ్ ఛానెల్‌కు వెళ్ళి చూపించి, సుంకం ఎంతో అంత కట్టేయండి.